నలభై డిగ్రీలు కుడివైపు

"పది నిమిషాలు. అంతకు మించి ఒక్క క్షణం కూడా ఇవ్వను," అన్నాడు హెడ్ కానిస్టేబులు, గోడ గడియారం వైపు గడ్డం ఎగరేసి. "ఇప్పుడు రెండూ పది. పోలీసు కస్టడీ ఇవాళ్టితో సరి, అయిదింటికి వీణ్ని కోర్టులో నిలబెట్టాలి. ఆ తర్వాత మీరు జైలు గేటు దగ్గర అర్జీ పెట్టుకుని చూసుకోవలసిందే."

"పది నిమిషాలు నాకు ఎక్కువే. నేను మూడు నిమిషాల ట్రంకు కాల్స్ కాలం మనిషిని," అంది ఎక్స్ఛేంజక్క.

ఆ పేరు ఆమెకు జనం పెట్టింది. ఇరవై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చుంది. ఎక్స్ఛేంజి మూతపడ్డాక ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకోమని చుట్టాలందరూ సలహా ఇచ్చారు. వాళ్ల మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసి, రెండు గదులు అద్దెకు తీసుకుని డిటెక్టివ్ బోర్డు తగిలించింది. ఇంకొకళ్ల మాటలు వినడం తప్ప తనకు మరో విద్య రాదని ఆమె తనమీద తనే జోకు వేసుకునేది.

లాకప్పులో కూలింగ్ మెకానిక్ గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. ఆ గది అతను చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. ఆరు రోజులుగా అందులోనే ఉన్నాడు.

"పాప ఎవరి పోలికక్కా?" అన్నాడు ముందుగా.

"పొద్దున్నే చూసొచ్చాను. ఏడిస్తే నీ పోలిక, నిద్రపోతే వాళ్లమ్మ పోలిక. ఇప్పుడు పాప సంగతి వదిలేసి నేనడిగినదానికి చెప్పు. మనకు టైం లేదు."

కేసు చెప్పుకోవడానికి సులువే, దాన్లోంచి బయటపడడమే కష్టం. పోయిన మంగళవారం సెలవు. కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజరు మధ్యాహ్నం ఒంటరిగా గడ్డకట్టించే గదిలోకి వెళ్లాడు. తలుపు మూసుకుపోయింది. లోపలి నుంచి తీసే పిడి కదల్లేదు. నాలుగింటికి డ్యూటీ ఎక్కిన వాచ్‌మన్ తలుపు తీసేసరికి మనిషి ప్రాణాలతో లేడు. గుండె మూడుంపావు ప్రాంతంలో ఆగి ఉంటుందని డాక్టరు రాశాడు. పిడిని ఎలా పాడుచేయాలో తెలిసినవాడు మెకానిక్. ముందురోజు సూపర్‌వైజరుతో అందరి ముందూ అరుచుకున్నదీ మెకానిక్కే. ఆ మంగళవారం సాయంత్రమే ఆసుపత్రి గేటు దగ్గర, పుట్టిన పిల్లను చూడకముందే, అతన్ని పట్టుకుపోయారు.

అయినా గొడవపడ్డంత మాత్రాన హంతకుడని కోర్టు ఒప్పుకోదు. అసలు ఉరి బిగించింది మొబైల్ టవర్ రికార్డు. ఆ మధ్యాహ్నం రెండూ పద్నాలుగు నుంచి రెండూ నలభై దాకా మెకానిక్ ఫోను టవర్ యాంటెన్నాకు నలభై డిగ్రీలు కుడివైపున, ఆరువందల మీటర్ల దూరంలో ఉందని అందులో ఉంది. సరిగ్గా అక్కడే కోల్డ్ స్టోరేజీ ఉంది. నేను ఇంట్లో ఉన్నానంటాడు మెకానిక్. అతని ఇల్లు అదే టవరుకు ఎడమవైపు, అంతే దూరం. ఆ రికార్డు తవ్వి తీసింది పోలీసు టెక్నికల్ సెల్ ఆఫీసరు. ఆయన ఎక్స్ఛేంజక్కకు స్వయానా మరిది, ఆమె ఇంటి మేడమీదే కాపురం.

"ఆ ఇరవయ్యారు నిమిషాలూ ఎవరితో మాట్లాడావు?"

"మా ఆవిడతో. నొప్పులు వస్తున్నాయని పొద్దున్నే చేర్పించి, బట్టలు తేవడానికి ఇంటికొచ్చాను. ఫోన్ చేసి ఒకటే భయపడుతోంది. కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ధైర్యం చెప్తూ ఉన్నాను."

"నిన్ను చూసినవాళ్లు?"

"సెలవు రోజు మధ్యాహ్నం ఎవరు చూస్తారక్కా? అందరూ తలుపులేసుకుని పడుకున్నారు."

"సూపర్‌వైజరుతో గొడవెందుకు?"

"ఆ పిడి గురించే. చలికి పట్టేస్తోంది, మార్చండి అని రెండుసార్లు స్లిప్పు రాసిచ్చాను. నీకు పని కావాలి కాబట్టి లేని రోగాలు చెప్తున్నావు అన్నాడు. నాకు తిక్క రేగింది. ఎవరైనా లోపల ఇరుక్కున్న రోజున తెలుస్తుంది మీకు అన్నాను."

"అన్నావు. విన్నవాళ్లు సంతకాలు కూడా పెట్టారు. గేటు రెండో తాళంచెవి నీ దగ్గరే ఉందట?"

"దగ్గర్లో ఉంటానని ఆయనే ఇచ్చాడు." మెకానిక్ ముందుకొచ్చి ఊచలు పట్టుకున్నాడు. "తిట్టేవాడే గానీ చెడ్డవాడు కాదక్కా. ఆ తలుపును కిందినుంచి కొంచెం పైకెత్తి పిడి తిప్పాలి. ఒక్క నిమిషం పని. నాకు తెలిస్తే పరిగెత్తుకుంటూ పోయేవాణ్ని."

ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసింది. పోలీసులు కోర్టుకు ఇచ్చింది ఒక్క వరుస మాత్రమే. మెకానిక్ తరఫు లాయరు పట్టుబట్టి అడిగితే ఫోన్ కంపెనీ ఆ పొద్దున్నే మొత్తం పేజీ పంపింది. అందులో మెకానిక్ వరుస కిందే ఇంకో వరుస ఉంది. అదే ఫ్రీక్వెన్సీ, అవే నిమిషాలు, ఇంకో ఫోను. రెండూ పదహారుకు మొదలై రెండూ ముప్పై ఏడుకు ఆగింది. ఎడమవైపు నలభై డిగ్రీలు, ఆరువందల మీటర్లు.

"ఈ నంబరు నీకు తెలుసేమో చూడు."

మెకానిక్ చూశాడు. ఊచలు పట్టుకున్న చెయ్యి జారింది. "ఇది సూపర్‌వైజరు గారిది."

"బాగా చూసి చెప్పు."

"రోజుకు పదిసార్లు ఈ నంబరు నుంచే తిట్టేవాడు. మర్చిపోతానా?"

ఆ ఫోను శవం చేతి కింద దొరికింది. బ్యాటరీ చలికి చచ్చిపోయి ఉంది. గడ్డకట్టించే గదిలో దొరికిన ఫోను ఆ సమయానికి మెకానిక్ ఇంటి దగ్గర ఉందట. మెకానిక్ ఫోనేమో కోల్డ్ స్టోరేజీలో ఉందట. ఇద్దరి చోట్లూ ఎవరో పూనుకుని మార్చినట్టు అచ్చంగా తారుమారయ్యాయి.

"రెండూ పదహారు తర్వాత మీ వీధిలో ఏమైనా జరిగిందా? చీమ చిటుక్కుమన్నా సరే చెప్పు."

"ఏం లేదక్కా. పోలీసు వ్యాను వచ్చిందంతే. సైరన్ వేసుకుని వీధిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. మా ఆవిడ ఫోన్లోనే ఏంటా గోల అంది. మా ఎదురింటి ముందు ఆగి, కాసేపుండి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూశాను."

"ఈ మాట మా మరిదికి చెప్పావా?"

"మొదటి రోజే చెప్పాను. సైరన్ కోల్డ్ స్టోరేజీ దాకా కూడా వినపడుతుందిలే అన్నారు. రాసుకోలేదు."

హెడ్ కానిస్టేబులు తాళాల గుత్తి ఆడించాడు. రెండూ ఇరవై అయింది. మెకానిక్ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపాడు, ఆమె ముట్టుకుంది. ఇంకేమీ అడగడానికి గానీ చెప్పడానికి గానీ వ్యవధి లేదు.

మూడూ అయిదుకు ఆమె నాలుగంతస్తుల భవనం డాబా మీద, ఆ టవరు కాళ్ల దగ్గర నిలబడి ఉంది. లాయరు కోరిక మీద కంపెనీ ఒక టవర్ పనివాణ్ని తోడు పంపింది. యాభైకి దగ్గరపడిన బక్క మనిషి, ఇరవై ఏళ్లుగా స్తంభాలెక్కుతున్నాడు. అందరూ అతన్ని ఉడుత అనే పిలుస్తారు, అసలు పేరుతో పిలిస్తే పలకడు కూడా.

"ఆ పైన పలకలా కనపడుతోందే, అది దిక్కు ఎలా చెప్తుంది? నాకు అర్థమయ్యేలా చెప్పు. నేను తీగల కాలం దాన్ని."

ఉడుతకు హుషారొచ్చింది. అతని పని గురించి ఎవరూ అడగరు. "పలక లోపల ఎనిమిది నిలువు పట్టీలున్నాయక్కా, పక్కపక్కనే. ఒక్కోటీ ఒక చెవి అనుకోండి. కుడివైపు నుంచి వచ్చే సిగ్నలు కుడి చివరి చెవికి ముందు తగులుతుంది, ఎడమ చివరి చెవికి రవ్వంత ఆలస్యంగా తగులుతుంది. ఆ తేడాను బట్టి కింద పెట్టె లెక్క కట్టి, ఫోను ఏ మూల ఉందో చెప్పేస్తుంది."

"ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడితే?"

"అందుకే కదా ఇన్ని చెవులు! ఒకళ్ల వైపు చెవి రిక్కిస్తుంది, రెండోవాళ్ల వైపు మూసుకుంటుంది. అదే క్షణంలో రెండోవాళ్లకీ అలాగే చేస్తుంది. ఒకళ్ల మాటలో ఇంకొకళ్ల మాట కలవదు. మీ ఎక్స్ఛేంజిలో అయితే ఇద్దరికి రెండు తీగలు కావాలి."

"మా ఎక్స్ఛేంజిలో తీగ తప్పు గుచ్చితే ఆ క్షణమే తిట్లు వినపడేవి. ఇక్కడ తప్పు గుచ్చితే ఎవరు తిడతారు?"

ఉడుత నవ్వు ఆగిపోయింది. "అంటే?"

"ఎనిమిది చెవులకీ ఎనిమిది తీగలు. ఒకటోది ఎనిమిదో చోట, ఎనిమిదోది ఒకటో చోట, అలా వరుస మొత్తం తిరగబడిందనుకో. మాటలు పాడవుతాయా?"

అతను చేతి వేళ్లు ముందుకు చాపి, ఒకసారి ఇటు నుంచీ ఒకసారి అటు నుంచీ లెక్కపెట్టుకున్నాడు. చాలాసేపు పట్టింది.

"పాడవ్వవు," అన్నాడు నెమ్మదిగా. "ఏ చెవి ఎటుందో పెట్టెకు కనపడదుగా. ఏ తీగలో ఎంత ఆలస్యమైందో చూసుకుని ఇద్దరి మాటల్నీ విడదీస్తుంది. తిరిగి పంపేటప్పుడూ అదే లెక్క వాడుతుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. ఒక్క దిక్కు మాత్రం..."

"దిక్కు మాత్రం?"

"కుడి ఎడమవుతుంది. ఎడమ కుడవుతుంది."

ఉడుత నడుముకు బెల్టు కట్టుకున్నాడు. అతను ఎక్కుతున్నంతసేపూ ఆమె వేడెక్కిన డాబా మీద అటూ ఇటూ పచార్లు చేసింది. మూడున్నర అయింది, మూడుముప్పావు అయింది. లాకప్పులో ఉన్నవాడు కూడా ఇప్పుడు ఇలాగే గడియారం వంక చూస్తూ ఉంటాడని తోచి ఆమెకు కాలు నిలవలేదు. మూడూ యాభైకి ఉడుత దిగాడు.

"డ్రాయింగు ప్రకారం ఎర్ర టేపు తీగ ముందు నుంచి చూస్తే ఎడమ చివర ఉండాలి," అన్నాడు. "కుడి చివర ఉంది. వరుసంతా అలాగే తిరగబడింది."

"ఎవరు బిగించారు?"

"నేనే."

ఉడుత డాబా గచ్చు మీద చతికిలబడ్డాడు.

"పైన గాలిలో వేలాడుతూ తీగలు వరుసగా బిగించడం కష్టమక్కా. అందుకని పలకను ఇక్కడే పడుకోబెట్టి, తీగలన్నీ బిగించేసి, అప్పుడు పైకి లాగుతాం. ముందు భాగం మీద గీతలు పడితే కంపెనీవాళ్లు ఊరుకోరు. అందుకే గోనెపట్టా పరిచి బోర్లా పడుకోబెడతాం. డ్రాయింగేమో ముందు నుంచి చూసినట్టు గీశారు. నేనేమో వీపు వైపు కూర్చుని ఎడమ నుంచి మొదలుపెట్టాను. మాటలు బాగానే వస్తున్నాయని సంతకం పెట్టి వెళ్లిపోయాను. నాలుగు నెలలైంది."

"ఈ మాట కాగితం మీద రాసిస్తావా?"

"రాస్తే నా బెల్టు లాగేసుకుంటారక్కా. ఇరవై ఏళ్ల పని."

"తెలుసు. నువ్వు రాయకపోతే ఆ మనిషిని లోపలేస్తారు. అతనికి ఆరు రోజుల పిల్ల ఉంది, ఇంతవరకూ చూడలేదు."

ఉడుత అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, లేచి, డాబా మూలనున్న పరికరాల గదిలోకి నడిచాడు. కిటికీ అన్నది లేని గది. ఉక్కు తలుపు. నాలుగు పెట్టెలూ వాటి ఫ్యాన్ల రొదా పోను ముగ్గురు నిలబడడానికే చోటు. ఉడుత పాత సర్వీసు స్లిప్పు వెనక రాయడం మొదలుపెట్టాడు.

నాలుగూ ఎనిమిదికి తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. టెక్నికల్ సెల్ ఆఫీసరు లోపలికొచ్చి, తలుపు లాగి, తాళం తిప్పి, చెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"పొద్దున నాకు టీ ఇచ్చినప్పుడే ఈ సంగతి చెప్పొచ్చు కదా వదినా," అన్నాడు.

"నువ్వు టీ తాగుతూ ఈ పేజీలో ఇంకో వరుస ఉందని చెప్పొచ్చు కదా?"

"టవరు దగ్గరికి మనిషిని పంపామని కంపెనీ నాకు చెప్పింది. వాళ్ల పరికరాల మీద మీరు చెయ్యి వేయించారు. సాక్ష్యాన్ని తారుమారు చేస్తున్నారనే అనుమానం మీద మిమ్మల్ని ఆపే అధికారం నాకుంది. ఇద్దరి ఫోన్లూ ఈ పెట్టె మీద పెట్టండి. అయిదున్నరకు తలుపు తీస్తాను."

"అంటే అతన్ని జైలుకు పంపేశాక."

"ఫోన్లు, వదినా."

ఉడుత బిక్కచచ్చిపోయి తన ఫోను పెట్టేశాడు. ఆమె కూడా పెట్టింది. గదిలో గాలి వెచ్చగా, పాత ప్లాస్టిక్ వాసన వేస్తూ ఉంది. చుట్టూ ఉక్కు గోడలు చూస్తే ఆమెకు గడ్డకట్టించే గది గుర్తొచ్చింది. లోపలి నుంచి ఎంత పిలిచినా బయటికి వినపడదన్న ఊహకే ఊపిరాడనట్టయింది. అది పైకి తెలియనిస్తే మరిది ముందు అలుసైపోతుంది. గొంతు సవరించుకుంది.

"శవం కింద దొరికిన ఫోను ఆ టైంలో మెకానిక్ వీధిలో ఉందని నీ టవరు చెప్తోంది. దానికి నువ్వేం చెప్తావు?"

"వాడికి తోడుదొంగ ఎవరో ఉన్నారు. ఫోను ఇంటికి తీసుకెళ్లి, మనల్ని తప్పుదారి పట్టించడానికి కాల్ చేసి, మళ్లీ తెచ్చి పడేశారు. మెషీను అబద్ధం చెప్పదు వదినా."

"మెషీను చెప్పదు. దాని చెవులు తిప్పి పెట్టింది మనిషి." ఆమె ఉడుత రాసిన కాగితం చూపించింది గానీ ఇవ్వలేదు. "కాల్ చేశారన్నావు. అంటే మీ పోలీసులకే అన్నమాట. ఈ పేజీలో అది లేదు. నీకెలా తెలుసు?"

అతను పెట్టె మీది రెండు ఫోన్లనూ ఒకదాని మీద ఒకటి సర్దాడు.

"నేను చెప్తాను విను. సూపర్‌వైజరు లోపలి నుంచి పోలీసు హెల్ప్‌లైన్‌కు చేశాడు. హెల్ప్‌లైన్ మీ సెల్‌ను దిక్కు అడిగింది. నువ్వు ఫోన్లో సరే అంటే తప్ప వ్యాను కదలదని, ఆ సరే అన్నది కూడా రికార్డవుతుందని భోజనాల దగ్గర నువ్వే గొప్పగా చెప్పావు. ఎడమవైపు అన్నావు. వ్యాను వెళ్లి మెకానిక్ వీధిలో రెండుసార్లు తిరిగింది. ఎవరూ లేరు. ఏమని రాశావు?"

"ఆకతాయి కాల్ అని."

"టవరు చెప్పిన దిక్కుకు వ్యాను పంపే ఈ పద్ధతి పెట్టి రెండు నెలలైంది. ఎన్ని ఆకతాయి కాల్స్ వచ్చాయి?"

"వదినా..."

"ఎన్ని?"

"అరవై మూడు."

"అంతకు ముందు నెలకెన్ని?"

మధ్యలో ఉడుత అందుకున్నాడు. "సార్... ఆ విడతలో పదకొండు టవర్లు నేనే బిగించాను. అన్నీ ఇలాగే, బోర్లా పడుకోబెట్టి."

ఆఫీసరు పెట్టెకు ఆనుకున్నాడు. ఎక్స్ఛేంజక్క పెళ్లయి వచ్చేనాటికి అతను ఎనిమిదో తరగతి. ఎక్స్ఛేంజికి తీసుకెళ్లి తన హెడ్‌ఫోను అతని చెవులకు పెట్టింది ఆమే. ఈ చదువులూ ఈ ఉద్యోగమూ అక్కణ్నుంచి మొదలైనవే. ఇప్పుడు అతన్ని ఈ మూలకు నెట్టింది కూడా ఆమే. అయినా ఆగలేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"శుక్రవారం. పోయిన మంగళవారం కాల్‌లో మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఉక్కు గది కదా. తలుపు అన్న మాట తప్ప ఆపరేటరుకు ఏమీ అర్థం కాలేదు. శుక్రవారం ల్యాబులో రొద తీసేసి ఇచ్చారు. అప్పుడు విన్నాను."

అతను తన ఫోను తీసి ఒక ఫైలు నొక్కాడు. అరచేతిలో ఉన్న ఫోన్లోంచి పళ్లు టకటక కొట్టుకుంటున్న మనిషి గొంతు వచ్చింది.

"...కోల్డ్ స్టోరేజీ... లోపల... పిడి పట్టేసింది... మా మెకానిక్ ఉన్నాడండీ, అటు టవరుకు అవతలి వీధి... గేటు తాళం ఆయన దగ్గరుంది... ఫోన్ చేస్తే ఎంగేజ్ వస్తోంది... నిన్న నేనే తిట్టి పంపాను, అది మనసులో పెట్టుకోవద్దని చెప్పండి... ఆయన్ని పిలవండి, ఒక్క నిమిషంలో తీస్తాడు..."

ఆఫీసరు ఆపేశాడు. ఉడుత మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఎక్స్ఛేంజక్కకు కళ్లముందు ఆ వీధి కనపడింది. ఎదురింటి ముందు ఆగిన వ్యాను, కిటికీ పక్కన భార్యకు ధైర్యం చెప్తున్న మెకానిక్, అతని దగ్గర గేటు తాళం. వాళ్ల మధ్య పట్టుమని ఇరవై అడుగులు లేవు.

"ఇది విని కూడా అతన్ని లోపలే ఉంచావా?" అంది. "నాలుగు రోజులు!"

"ఒప్పుకుంటే ఆ ప్రాణం నా మీద పడుతుంది. అది ఒక్కటే కాదు, ఆ అరవై మూడూ పడతాయి. నిద్రపట్టడం లేదు వదినా. పొద్దున్నే లేచి ఇంకో మాట దొరుకుతుందేమో, తోడుదొంగ దొరుకుతాడేమోనని వెతుక్కుంటున్నాను. దొరికితే నేను బతికిపోతాను కదా."

"తాళం తియ్యి."

అతను జేబు మీద చెయ్యి వేసుకున్నాడు గానీ తీయలేదు. అప్పుడు అతని ఫోను మోగింది. నాలుగూ ముప్పై నాలుగు. అలవాటు కొద్దీ స్పీకరు నొక్కాడు.

"సార్, సెల్ నుంచి," అంది ఒక ఆడగొంతు. "హెల్ప్‌లైన్ కేసు. కొత్తగా కడుతున్న ఇంటి నీళ్ల సంపులో ఇద్దరు కూలీలు ఇరుక్కున్నారట, లోపల ఊపిరాడటం లేదట. ఫోన్ చేసినాయన పనికి కొత్త, ఏ వీధో చెప్పలేకపోతున్నాడు. తొమ్మిదో నంబరు టవరు. తెరమీద ముప్పై డిగ్రీలు కుడివైపు చూపిస్తోంది. కుడివైపు వ్యాను పంపమంటారా? లైను రికార్డులో ఉంది సార్, ఓకే అనండి."

ఉడుత గిరుక్కున తిరిగాడు. "తొమ్మిదోది నాదే," అన్నాడు.

ఆఫీసరు వదిన వంక చూశాడు. చిన్నప్పుడు లెక్క రానప్పుడు చూసిన చూపే అది. ఆమెకు పెదాల దాకా వచ్చింది మాట. తన నోటితో చెప్తే అది వదిన చెప్పిన మాటవుతుంది, రేపు కాదనుకోవడానికి అతనికి వీలుంటుంది. పళ్లు బిగబట్టుకుంది. సంపులో ఉన్నవాళ్లు గుర్తొచ్చి, ఇంకో రెండు క్షణాలు చూసి తనే అరిచేద్దామనుకుంది.

"సార్? లైన్లో ఉన్నారా?"

"ఎడమవైపు పంపు," అన్నాడు అతను.

"తెరమీద కుడి అని ఉంది సార్."

"తెర తప్పు. ఎడమవైపు ముప్పై డిగ్రీలు. ఇప్పుడే పంపు, నా పేరు మీద రాసుకో. ఇది కూడా రికార్డులో ఉండనీ. పదకొండు టవర్లలో కుడి ఎడమలు తిరగబడ్డాయి. పోయిన మంగళవారం కోల్డ్ స్టోరేజీ కాల్‌కు వ్యాన్ను నేను తప్పు వైపు పంపాను. ఆ సంగతి శుక్రవారం నుంచి నాకు తెలుసు."

అవతల ఆపరేటరు వ్యాను డ్రైవరుకు చెప్తున్న మాటలు వినపడ్డాయి. ఎడమవైపు, ఎడమవైపు, అవును, సార్ చెప్పారు.

ముగ్గురూ ఆ చిన్న ఫోను చుట్టూ నిలబడ్డారు. ఎవరూ తాళం మాట ఎత్తలేదు. నాలుగూ ముప్పై ఎనిమిది. నాలుగూ నలభై. ఉడుత పెదాలు కదుల్తున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు. ఆఫీసరు చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది.

నాలుగూ నలభై మూడుకు ఆడగొంతు మళ్లీ వచ్చింది. "సార్, దొరికారు. ఎడమవైపు మూడో సందు. ఇద్దర్నీ పైకి లాగారు. ఊపిరి ఉంది సార్, ఇద్దరికీ ఊపిరి ఉంది."

ఉడుత బావురుమన్నాడు. ఆఫీసరు మంచిదని చెప్పి ఫోను పెట్టేసి, అక్కడే పెట్టెకు వీపు ఆనించి కిందికి జారి కూర్చున్నాడు.

"తొమ్మిది నిమిషాలు పట్టింది వదినా," అన్నాడు. "సూపర్‌వైజరు మూడుంపావు దాకా ప్రాణాలతో ఉన్నాడు."

"అవును."

"బతికేవాడు కదా?"

ఆమెకు అబద్ధం చెప్పాలనిపించింది. ఇరవై ఏళ్లుగా తన చేతి అన్నం తిన్న పిల్లాడు, చెప్తే నమ్ముతాడు.

"బతికేవాడు," అంది.

వంగి అతని జేబులోంచి తాళంచెవి తనే తీసింది. నాలుగూ నలభై అయిదు. కోర్టుకు పన్నెండు నిమిషాల దారి. తలుపు తీసి, అతని భుజం పట్టుకుని లేపింది.

"పద. అయిదింటికి అక్కడ ఈ మాట నువ్వే చెప్పాలి."